హలో అనని మనిషి

ఫోను ఎత్తి ముందుగా 'హలో' అనని మనిషిని నా డెబ్బై ఆరేళ్ళలో ఒక్కణ్ణే చూశాను. ఎత్తేవాడు, చెవికి ఆనించుకునేవాడు, ఊరుకునేవాడు. అవతలివాళ్ళు రెండు మూడుసార్లు హలో హలో అని, విసిగి పెట్టేయబోతుంటే అప్పుడు నెమ్మదిగా "ఆఁ, చెప్పుండ్రి" అనేవాడు. కొత్తవాళ్ళకు ఒళ్ళు మండేది. నాకూ మండింది. ఇదేం మర్యాదయ్యా అని మొదటిరోజే అడిగాను.

"ఫోనే గట్ల చేస్తది సారూ. మీరు నంబరు కొట్టకముందే టవరు ఏమంటున్నదో అది ఇంటుంటది. ఇని, తన గడియారం సరిజేసుకొని, అటెన్క నోరు తెరుస్తది. దినాం దానెంబడి తిరిగేటోన్ని, నాకు జరన్ని బుద్ధి రావొద్దా?" అన్నాడు.

ఆయన ఈ నెల మొదట్లో పోయాడు. పేరు రాయను. రాస్తే మా నస్పూర్‌లో సగం మంది "ఓ, టవరు ఖరాబు చేసినాయనేనా" అంటారు. ఆ మాటను ఆయన పేరుకు అతికించింది నేను. అతికించడానికి ఒక్క అర్జీ సరిపోయింది. ఊడదీయడానికి ఎన్ని కాగితాలు పడతాయో తెలియదు. ఇది రెండోది.

నా సంగతి కొంత చెప్పక తప్పదు. చదివింది ఏడో తరగతి. బొగ్గుబాయిలో దీపాల గదిలో చేరాను, కార్మికుల తలదీపాలకు చార్జింగు పెట్టే పని. అక్కడి నుంచి వైరింగు, తర్వాత పంపుల మోటార్లు. కొన్ని చూసి నేర్చినవి, కొన్ని పాత పుస్తకాలు కొని తెచ్చుకొని దీపాల గదిలోనే చదివి నేర్చినవి. పట్టాలున్న ఇంజనీర్లు వైరింగు పటాన్ని తలకిందులుగా పట్టుకోవడం కళ్ళారా చూసినవాణ్ణి. అందువల్ల నాకు తెలియనిదీ ఒకటి ఉంటుందన్న అనుమానం చాలా ఆలస్యంగా వచ్చింది. రిటైరయ్యాక అర్జీలు పట్టుకున్నాను. మురికి కాలువ మీద, రాని బస్సు మీద, వచ్చినా ఆగని బస్సు మీద. తప్పు కనబడితే ఊరుకోలేను. ఊరుకునేవాళ్ళను చూస్తే తప్పు చేసినవాళ్ళ మీద కంటే ఎక్కువ కోపం.

మా స్లాబు మీద టవరు పెట్టి పదేళ్ళు దాటింది. టవరంటే ఆకాశాన్నంటేది కాదు. నాలుగు ఇనుప గుంజలు, వాటికి పొడుగాటి తెల్ల డబ్బాలు, పక్కన బీరువాలాంటి యంత్రం. దాన్ని చూసుకునే పని ఆయనది. కంపెనీ మనిషి కూడా కాదు, కంపెనీ పని పట్టిన కాంట్రాక్టరు మనిషి. మంచిర్యాల చుట్టుపక్కల అలాంటివి ఇరవై దాకా ఆయన ఒక్కడి చేతి కిందే ఉండేవి.

పొట్టి మనిషి. వయసు నలభై దాటి ఉంటుంది. నడుముకు తాడుబెల్టు, స్కూటరు ముందు పనిముట్ల సంచి. చేతికి గడియారం ఉండేది కాదు. టైము కలిపే పని చేస్తూ గడియారం లేదేమిటయ్యా అంటే, "పెట్టుకుంటె దాన్ని గూడ సరిజెయ్యాలె గద" అనేవాడు. అయినా చెప్పిన వేళకు పది నిమిషాల ముందే వచ్చి మా మెట్ల కింద నీడలో నిలబడేవాడు. వేళ అయ్యాకే పిలిచేవాడు. పైకెక్కే ముందు ఇనుప గుంజ మీద అరచేయి ఆనించి కళ్ళు మూసుకొని కాసేపు ఉండేవాడు. మొక్కుతున్నాడనుకున్నాను. తేనెటీగలు తుట్టె పెట్టాయేమో చూస్తున్నాడట. పెడితే ఇనుములో సన్నటి జుమ్ము చేతికి తగులుతుందట. నేనూ చేయి ఆనించి చూశాను. నాకేమీ తగల్లేదు.

వాళ్ళది మిషను చర్చికి చెందిన కుటుంబం. వాళ్ళ తాతలు మా తాతల్లాంటివాళ్ళ పొలాల్లో కూలికి వచ్చినవాళ్ళు. ఆ వరస పట్టుకుంటే నన్ను "పటేలా" అనాలి. ఇప్పటికీ అనేవాళ్ళు ఉన్నారు. ఆయన అనలేదు. కొన్నాళ్ళు "సారూ" అన్నాడు. మా ఇంటామె పెట్టిన జొన్నరొట్టె తిన్న రోజు నుంచి నేను పెద్దబాపునయ్యాను, ఆమె పెద్దవ్వ అయింది. మీరు పోయి నువ్వు వచ్చింది. నాకు అదే బాగుంది.

పని అయ్యాక మా వసారాలో చాయ్ తాగుతూ నాకు పాఠం చెప్పేవాడు. అడిగేది నేనే. అడిగిన వెంటనే చెప్పేవాడు కాదు. ఒక ఊపిరి తీసుకునేంత సేపు ఆగేవాడు, నా ప్రశ్న పూర్తయిందో లేదో చూసుకుంటున్నట్టు. పక్కపక్క టవర్లన్నిటికీ టైము ఒక్కటే ఉండాలని, కన్ను మూసి తెరిచే దాంట్లో వెయ్యో వంతు తేడా వచ్చినా పనికిరాదని చెప్పాడొకసారి. ఎందుకుండాలి, ఎవడి గడియారం వాడిదే కదా అన్నాను. అదే సమయానికి లోపల నుంచి మా ఇంటామె ఏదో అడుగుతోంది, నేను ఆమెకు అడ్డం పడి మాట్లాడుతూనే ఉన్నాను.

"ఇగో, గిందుకే" అన్నాడు. "పెద్దవ్వ మాట్లాడేటప్పుడు నువ్వు ఇనాలె. నువ్వు మాట్లాడేటప్పుడు ఆమె ఇనాలె. ఇద్దరికి టైము కలవకపోతె, ఆమె ఇనే యాళ్ళకు నువ్వు మొత్తుకుంటవ్. అప్పుడు ఇద్దరి మాట గూడ నాకు రాదు. టవర్ల కొట్లాట గూడ గిదే."

లోపలి నుంచి ఆమె అంది: "టవరుకు చెప్పినట్టు గీయనకు గూడ జర చెప్పు కొడుకా. యాభై ఏండ్ల సంది నాకు వంతు రాలే."

నడుస్తూ మాట్లాడేవాణ్ణి ఒక టవరు ఇంకో టవరు చేతికి అందిస్తుందని కూడా అప్పుడే చెప్పాడు. మా వీధి చివర కల్వర్టు దగ్గర మా టవరు హద్దు అయిపోతుంది, పక్క టవరు హద్దు మొదలవుతుంది. అక్కడ ఈ చేతి నుంచి ఆ చేతికి మారాలి. టైము కలిస్తే మనకు తెలియను కూడా తెలియదు. కలవకపోతే ఫోను తెగుతుంది. ఇవన్నీ నేను నోటుబుక్కులో రాసుకున్నాను. అసలు టవరుకు టైము ఎక్కడి నుంచి వస్తుందని మాత్రం అడగలేదు. యంత్రంలోనే ఏదో గడియారం ఉంటుందని నేనే అనుకున్నాను. అది ఊహ అని నాకు తోచలేదు.

ఒక క్రిస్మస్‌కు వాళ్ళ చర్చికి రమ్మని పిలిచాడు. ఆయన అక్కడ పాట ఎత్తుకునేవాడు. నేను పెద్దగా మొక్కేవాణ్ణి కాదు, ఏ గుళ్ళోనూ. భోజనం పెడతారని వెళ్ళాను, అబద్ధమెందుకు. చర్చి చిన్నది, జనం ఎక్కువ. లోపల పట్టక బయట సందు పొడుగునా చాపలేసి కూర్చున్నారు. సరిగ్గా పాట మొదలయ్యే వేళకు కరెంటు పోయింది. మైకులు మూగబోయాయి. లోపలివాళ్ళు పాడుతుంటే సందు చివరివాళ్ళు ఆ గొంతు విని అందుకుంటున్నారు. అందుకునేసరికి సగం మాట వెనకబడుతున్నారు. పాట రెండు ముక్కలై, ఒకదాని మీద ఒకటి పడి, పోట్లాటలాగా ఉంది. లోపల తబలా కొట్టేవాడు ఆపేశాడు.

ఆయన పాట ఇంకొకరికి అప్పజెప్పి, జనం మధ్య నుంచి దారి చేసుకుంటూ సందు చివరికి వచ్చాడు. నేను అక్కడే గోడకు ఆనుకొని ఉన్నాను. నా పక్కన నిలబడి, రెండు చరణాలు ఊరికే విన్నాడు. రెండు వేళ్ళతో తొడ మీద తాళం వేసుకుంటూ విన్నాడు. మూడో చరణానికి, ముందువాళ్ళ గొంతు మాకు ఇంకా అందకముందే చేయి లేపి ఎత్తుకున్నాడు. ఆడవాళ్ళు బెదిరి ఆయన వైపు చూశారు. చేయి ఊపి రమ్మన్నాడు. వాళ్ళూ అందుకున్నారు. నాకు మాత్రం పాట ఇంకా చెడిపోయినట్టే వినిపించింది. మేము ముందు, లోపలివాళ్ళు వెనక. పాట అయ్యాక అదే అడిగాను, ఏం బాగుచేశావయ్యా అని.

"మనకు గట్లనే ఇనవడతది పెద్దబాపూ. వాళ్ళ గొంతు మన దాంక వచ్చేసరికి ఆలస్యం. అది ఇని మనం ఎత్తుకుంటె, మన గొంతు వాళ్ళ దాంక పోయేసరికి ఇంకింత ఆలస్యం. అందుకే దూరమున్నోడు జర ముందుగాల ఎత్తుకోవాలె. ఫోనుకు గూడ టవరు గిదే చెప్తది, నువ్వు గింత దూరమున్నవ్, గింత ముందు మాట్లాడు అని."

"మరి మనకు తప్పుగా ఉంది కదా?"

ఊపిరి తీసుకునేంత సేపు ఆగాడు. "మనకు తప్పనిపిస్తది. అక్కడ సరిగ్గ ఉంటది. అక్కడ సరిగ్గుంటె సాలదా?"

నిజంగానే లోపల నుంచి తబలా మళ్ళీ మొదలైంది. కాసేపటికి పాస్టరుగారు మనిషిని పంపించి, బయట ఎవరు నడిపించారో కనుక్కోమన్నారు. ఆయన అప్పటికే వడ్డన దగ్గర బకెట్లు అందిస్తున్నాడు.

ఇక నేను చేసిన పని.

మా వైపు కోతుల బాధ ఎవరికీ చెప్పనక్కర్లేదు. అడవి మనం తిన్నాం, ఇళ్ళు అవి తింటున్నాయి. ఎవరూ పట్టించుకోరు. ఆ ఎండాకాలం గుంపు ఒకటి మా స్లాబు మీద మకాం పెట్టింది. టవరు గుంజ చివర సన్నపైపు మీద పుట్టగొడుగులాంటి తెల్లటి ముంత ఒకటి ఉంటుంది. కోతులు దాన్ని పట్టుకొని ఊగడం, కొరకడం, తిప్పడం. ఆ ముంత ఏమిటో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. చూడగానే పిడుగు ఆపే సామాను అనుకున్నాను. మోటార్ల మనిషిని, ఆ మాత్రం తెలియదా. ఆయన సుల్తానాబాద్‌లో చుట్టాల పెళ్ళికి పోయి, అక్కడ జ్వరం తగిలి పడుకున్నాడు. బదులు వచ్చినవాడు కింది నుంచే తలెత్తి చూసి పోయేరకం. కంపెనీ సామాను నా కళ్ళముందు ఖరాబు అవుతుంటే ఊరుకోవడం నా వల్ల కాలేదు. వంటింట్లోంచి అల్యూమినియం గంజు తెచ్చి, నిచ్చెన వేసుకొని ఎక్కి, ఆ ముంత మీద బోర్లించి, తీగతో నాలుగు చుట్లు చుట్టి బిగించాను. డెబ్బై ఏళ్ళ వయసులో. దిగేసరికి మోకాలు పట్టేసింది, నెల రోజులు మెట్లెక్కలేదు. అయినా తృప్తిగా పడుకున్నాను.

ఆ రోజు ఏమీ కాలేదు. మర్నాడూ సగం రోజు బాగానే ఉంది. అందుకే దానికీ దీనికీ నాకు ముడి తోచలేదు. తర్వాత కల్వర్టు దగ్గర ఫోన్లు తెగడం మొదలైంది. ఇంట్లో కూర్చుని మాట్లాడితే ఒక తీరు, నడుస్తూ పోతే కల్వర్టు దాటగానే చచ్చేది. రోజుకు ఇంత ముదురుతూ వచ్చింది. ఫిర్యాదు నంబరుకు చేస్తే ఫోను ఆపి మళ్ళీ పెట్టి చూడమన్నారు. నాకు. యాభై గుర్రాల మోటారు విప్పి బిగించినవాడికి ఫోను ఆపి పెట్టమని చెప్తారు.

నోటుబుక్కు తీశాను. "పక్క టవరుకూ ఈ టవరుకూ కాలం కలవడం లేదు, అందువల్లనే హద్దు మారే చోట మాట తెగుతున్నది, ఇది పర్యవేక్షించవలసిన మనిషి నిర్లక్ష్యం" అని రాశాను. ఆయన నేర్పిన మాటలే, ఆయన మీదే. చాయ్ హోటలు దగ్గర నిలబడి నలభై మందితో సంతకాలు పెట్టించాను. సంతకం పెట్టిన ప్రతివాడికీ ఆయన ఎలా పెళ్ళిళ్ళు తిరుగుతున్నాడో చెప్పాను. జ్వరం సంగతి చెప్పలేదు. మామూలు ఫిర్యాదైతే చెత్తబుట్టలో పడేది. టవరు రోగం పేరు సరిగ్గా రాసి ఉంది కాబట్టి పైవాళ్ళు కదిలారు.

ఆయన జ్వరం నుంచి లేచి వచ్చి టవరెక్కాడు. సాయంత్రానికి కల్వర్టు దగ్గర ఫోను చక్కగా మోగింది. మర్నాడు కారులో ఇద్దరు ఆఫీసర్లు దిగారు. మా వాకిట్లోనే నిలబడ్డారు, చెమటలు తుడుచుకుంటూ. ఇద్దరిలో ఒక్కడూ మెట్టెక్కలేదు. కారణం ఏమిటని ఆయన్ని అడిగారు.

"తీగ జాయింటు వదులైంది సార్. నేనే సూసుకోలే" అన్నాడు.

పెళ్ళికి పోయే ముందురోజు ఆయన జాయింట్లన్నీ ఒక్కొక్కటే బిగించడం నేను కింద నిలబడి చూశాను. చివరిదాన్ని రెండుసార్లు బిగించాడు. నాకు గుర్తు రావాలి. రాలేదు. ఒప్పుకుంటున్నవాడిని చూస్తే నాలాంటివాడికి ఇంకేదీ గుర్తురాదు. ఆఫీసర్ల ముందు, గేటు దగ్గర గుమిగూడిన జనం ముందు, నిలబెట్టి కడిగాను. జీతం తీసుకునేది దేనికన్నాను. నలభై ఇళ్ళ మాట నీ చేతిలో ఉందన్నాను. ఆయన పూర్తిగా విన్నాడు. ఇంకేమైనా మిగిలిందేమో అన్నట్టు కాసేపు ఆగాడు.

"నిజమే పెద్దబాపూ" అన్నాడు.

నెల తిరగకముందే ఉట్నూరు అవతల గుట్టల్లో టవర్లకు పంపించేశారు. పోతావా, పని వదులుతావా అన్నారట. భార్య ఇక్కడే, నస్పూర్‌లో, మిషను మీద బట్టలు కుడుతుంది. తల్లి ఇక్కడే. పాట ఇక్కడే. ఆయన పదిహేను రోజులకొకసారి వచ్చి పోయేవాడు. నేను మాత్రం అర్జీ అంటే ఇలా రాయాలని రెండేళ్ళు చెప్పుకు తిరిగాను.

గుట్టల నుంచి అప్పుడప్పుడు ఫోను చేసేవాడు. చేసింది ఆయనే అయినా ముందు మాట్లాడేవాడు కాదు. ఆ నిశ్శబ్దాన్ని బట్టి ఆయనే అని తెలిసేది. టవరు ఎట్లున్నదని అడిగేవాడు, కోతులు వస్తున్నాయా అని అడిగేవాడు. అక్కడ ఒక్కొక్క టవరు ఎంతో దూరం పలకాలని, గుట్ట అవతలి గూడెం వాళ్ళు ఫోను కోసం చింతచెట్టెక్కేవాళ్ళని, ఒక డబ్బాను జరంత వంచి వాళ్ళను కిందికి దించానని చెప్పి నవ్వాడు. అక్కడివాళ్ళ మరాఠీ మాటలు కొన్ని ఆయనకు వంటబట్టాయి. తన గురించి అడిగితే "నాకేం ఫికర్ లేదు" అనేవాడు. కోతుల గురించి అన్నిసార్లు ఎందుకు అడిగేవాడో నేను ఆలోచించలేదు.

ఆయన పోయిన కబురు చర్చి పెద్ద ఒకాయన ఫోను చేసి చెప్పాడు. గుట్టల్లోనే జ్వరం వచ్చిందట, మంచిర్యాల దవాఖానాకు తెచ్చారట, అయిదో రోజు పోయాడట. ఫోను పెట్టి మా ఇంటామెకు చెప్పాను. ఆమె చాటలో బియ్యం ఏరుతోంది. చేయి ఆగింది. చాట పక్కన పెట్టి, చాలాసేపు కొంగుతో చేతులు తుడుచుకుంటూ కూర్చుంది. తర్వాత నా వైపు చూడకుండా చెప్పింది.

"గంజు కోతులు కింద వడేసినయని నీకు చెప్పిన గద. అవి పడెయ్యలే. ఆయన తీసుకచ్చి ఎనక తలుపుకాడ నా చేతికిచ్చిండు."

నాకు మొదట అర్థం కాలేదు. ఏ గంజు అన్నాను.

"నువ్వు టవరుకు బోర్లించిన గంజు. గా ముంత ఆకాశం దిక్కు సూడాలెనట. టైము పైన తిరిగే ఉపగ్రహాల నుంచి వస్తదట దానికి. మనం గంజు బోర్లిస్తె అది గుడ్డిదైందట. ఒక దినం పాత గడియారం మీద ఎట్లనో నడిచిందట, అటెన్క తప్పిందట."

"నాకెందుకు చెప్పలేదు? అప్పుడే?"

"ఆయన వద్దన్నడు. పెద్దబాపు కాపాడుదామనే చేసిండు, ఊరంత తిరిగి నన్ను తిట్టి వచ్చిండు, ఇప్పుడు గిది తెలిస్తె తల యాడ వెట్టుకుంటడు అన్నడు. గీ వయసుల నవ్వులపాలు చేసుడెందుకు, నేను ఏదన్న చెప్పుకుంట అన్నడు. గుట్టలకు పంపుతరని ఆయనకు గూడ తెల్వది అప్పుడు." చాట మళ్ళీ ఒళ్ళోకి తీసుకుంది. "పంపినంక చెప్దామనుకున్న. నువ్వు గప్పటికే సంబురం మీదున్నవ్. నాకు ధైర్యం రాలే."

ఆ రోజు నేను ఎవరి మీదా కోపం తెచ్చుకోలేకపోయాను. నా జీవితంలో అటువంటి రోజులు ఎక్కువ లేవు.

మూడో రోజు నుంచి రాయడం మొదలుపెట్టాను. వాళ్ళ ఇంటి ముందు టెంటు వేసి, పోయినవాళ్ళ కోసం జరిపే ఆదరణ కూడిక పెట్టారు. తెలిసినవాళ్ళు లేచి ఆయన గురించి నాలుగు మాటలు చెప్పడం వాళ్ళ పద్ధతి. నాకూ అవకాశం ఇవ్వమని పాస్టరుగారిని అడిగాను. నాలుగు కాగితాలు రాసుకొని, పిన్ను కొట్టుకొని వెళ్ళాను. నా ముందు లేచినాయన, మంచి గాయకుడు, పాపం ఉద్యోగంలో ఒక్క పొరపాటు చేసి దూరం పోవలసి వచ్చింది, దేవుడు దాన్ని క్షమించాడు, అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు. ఫోటో పక్కన చాప మీద కూర్చున్న ఆయన భార్య తల దించుకుంది.

నేను లేచాను. మొదటి కాగితంలో ఇరవై టవర్లకు ఒక్క మనిషిని పెట్టే కంపెనీ సంగతి. రెండోదాంట్లో మెట్టెక్కని ఆఫీసర్ల సంగతి, తలెత్తి చూసి పోయిన బదులు మనిషి సంగతి. మూడోదాంట్లో కోతుల సంగతి, వాటిని పట్టించుకోనివాళ్ళ సంగతి. మూడూ గట్టిగా చదివాను. జనం కదిలారు, దగ్గారు. వెనక నుంచి ఎవరో, "జల్ది ముగియ్యుండ్రి తాతా, భోజనాలు సల్లారుతున్నయ్" అన్నారు. నాలుగో కాగితం తిప్పాను. అది చిన్నది. గంజు బోర్లించింది నేను, తీసింది ఆయన, తప్పు తన మీద వేసుకుందీ ఆయనే, జాయింటు ఏనాడూ వదులు కాలేదు. అంతే ఉంది అందులో. చదివాక మళ్ళీ ఎవరూ భోజనాల మాట ఎత్తలేదు.

ఆయన భార్య నా వైపు చూసింది. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. రెండింటికీ సిద్ధపడే వెళ్ళాను.

"నాకు చెప్పలే" అంది.

ఇంట్లో కూడా చెప్పలేదా అన్నాను.

"చెప్పలే పెద్దబాపూ. ఆరేండ్లు మాటలన్న నేను. పండుగకు వస్తె అన్న, రాకపోతె ఫోన్ల అన్న. ఒక్క జాయింటు బిగియ్యరాకపాయె నీకు, మమ్ముల గిట్ల చేస్తివి అని. మొన్న దవాఖానల గూడ అన్న."

"ఏమనేవాడు?"

"ఏమనలే. ఒక్కనాడు గూడ ఏమనలే."

నేను నిలబడే ఉన్నాను. క్షమించమనే మాట కాగితంలో రాసుకోలేదు. రాసుకోని మాట నాకు నోటికి రాదు, ఏడో తరగతి చదువు. ఆమె లేచి దగ్గరికి వచ్చింది. చేయి చాపింది.

"గా ఆఖరి కాయితం నాకియ్యుండ్రి. మా అత్తకు ఇనిపియ్యాలె. మా అన్నదమ్ములకు సదివి చెప్పాలె. వాళ్ళు గూడ అన్నోళ్ళే."

పిన్ను కాగితాలకు గట్టిగా పట్టుకుని ఉంది, గోటితో ఊడదీశాను. ఆమె ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బైబిలులో పెట్టుకుంది. మిగిలిన మూడూ నేను ఇంటికి తెచ్చుకున్నాను. వాటిల్లో రాసినవన్నీ నిజాలే.